అమ్మ డ్యూటీ సంచి

"అమ్మ వచ్చేస్తోంది!"

కిటికీ దగ్గర కాపలా కాస్తున్న చెల్లి గొంతు తగ్గించి హెచ్చరించింది.

మంచం మీద దారం అల్లుతున్న జెట్టు చెవులు రిక్కించాడు. మెట్ల మీద అమ్మ చెప్పుల చప్పుడు. టక్, టక్, టక్. ఇంకో మలుపు తిరిగితే తలుపే!

"దాచెయ్! దాచెయ్!"

"ఎక్కడ?"

"ఎక్కడో ఒకచోట!"

చెల్లి తన పసుపు దారం ఉండని స్కూలు బ్యాగులో కుక్కేసింది. జెట్టు తను అల్లుతున్న నీలం ముక్కని, సూదిని దిండు కిందకి తోసి, ఆ దిండెక్కి కూర్చున్నాడు.

తలుపు తెరుచుకుంది.

"ఏంట్రా, ఇద్దరూ ఇంత బుద్ధిగా కూర్చున్నారు?" అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏం పగలగొట్టారు?"

"ఏం లేదమ్మా," అన్నారిద్దరూ ఒక్కసారే.

సరిగ్గా అప్పుడే నీలం దారం ఉండ మంచం మీంచి జారింది. దొర్లింది. గది అడ్డంగా దాటింది. ఎవరో పిలిచినట్టు తిన్నగా వెళ్ళి అమ్మ కాలి దగ్గర ఆగింది.

అమ్మ దారాన్ని చూసింది. దారం వెంట చూపు నడిపించుకుంటూ వచ్చి కొడుకుని చూసింది.

"అదా? సైన్సు ప్రాజెక్టమ్మా," అన్నాడు జెట్టు. "మనిషి పొట్టలో పేగులు ఎంత పొడుగుంటాయో చూపించాలి."

"నీలం రంగు పేగులా?"

"మనిషికి ఒంట్లో బాగోలేదమ్మా," అంది చెల్లి.

అమ్మ పకపకా నవ్వేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అన్నాచెల్లెళ్ళిద్దరూ బతుకుజీవుడా అనుకుంటూ వెల్లకిలా పడిపోయారు.

అమ్మకి సిటీ బస్సు డ్రైవరుగా ఉద్యోగం వచ్చింది. సోమవారం పొద్దున్నే మొదటి డ్యూటీ. ట్రైనింగుకి వెళ్ళినన్నాళ్ళూ లంచ్ బాక్సు, నీళ్ళ సీసా, టోపీ అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో వేసుకుని వెళ్ళింది. ఒకరోజు మెట్ల మీదే ఆ కవరు పుటుక్కుమంది. లంచ్ బాక్సు గెంతుకుంటూ కింది అంతస్తు దాకా వెళ్ళింది. మధ్యాహ్నం తిండంతా మెట్లపాలు. అమ్మ తెగిన కవరుకి ముడి వేసుకుని మళ్ళీ అదే పట్టుకెళ్ళింది.

ఆ ముడి చూసినప్పుడే జెట్టు తీర్మానించేశాడు. అంత పెద్ద బస్సు నడిపే అమ్మ చేతిలో కవరేంటి? భుజానికి తగిలించుకునే మంచి సంచి ఉండాలి. అది తామే అల్లాలి. డ్యూటీ మొదటిరోజే ఇవ్వాలి. అప్పటిదాకా పరమ రహస్యం. నాన్నకి కూడా చెప్పలేదు. నాన్న నోట్లో నువ్వుగింజ నానదు. తను పనిచేసే బేకరీలో అందరికీ చెప్పేసి, సాయంత్రానికి అమ్మకీ చెప్పేస్తాడు.

చెప్పింది ఒక్క అత్తకే.

అత్త అంటే నాన్నకి అక్క. మేడ కింద ఉన్న సైకిల్ షాపు ఆవిడదే. పొద్దంతా పంక్చర్లు వేస్తుంది, గొలుసులు బిగిస్తుంది. పని లేనప్పుడు చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, స్టూలు మీద కూర్చుని క్రోషె అల్లుతుంది. సైకిలు సీట్లకి ఆవిడ అల్లే తొడుగులంటే వీధిలో పిల్లలందరికీ మోజు.

"సూది మూతి దగ్గర కొక్కెం చూశారా?" అంది అత్త మొదటి పాఠంలో. "కన్నంలో దూర్చు. దారాన్ని మెడ పట్టుకుని ఇవతలికి లాక్కురా. అంతే. ముందు గొలుసు. ఆ గొలుసు మీద వరస. వరస మీద వరస. ఇటువైపు ముక్క ఒకరు, అటువైపు ముక్క ఒకరు అల్లండి. రెండూ కలిపి కుట్టేస్తే సంచి."

జెట్టు గొలుసు ఎంత బిగిసిపోయిందంటే అందులోకి సూది కాదు కదా, గాలి కూడా దూరలేదు.

"దాని గొంతు పిసుకుతున్నావేంట్రా అల్లుడూ! ఊపిరాడనియ్!"

చెల్లి గొలుసులో వేలు పట్టేంత సందులున్నాయి.

"నీది చేపల వలలా ఉంది కోడలుపిల్లా. కొంచెం బిగించు."

ఊడదీశారు. మళ్ళీ అల్లారు. మళ్ళీ ఊడదీశారు. చివరికి ఎలాగో చేతులు దారికొచ్చాయి. అప్పుడు అత్త పిన్నీసుల డబ్బా తెచ్చింది.

"ఒక్క మాట వినండి. ప్రతి వరసలోనూ ఆఖరి కుట్టు పెద్ద దొంగ. వంగి పక్కకి నక్కుతుంది. కనపడలేదు కదా అని వదిలేస్తే కొంప మునుగుతుంది. అందుకని దానికి పిన్నీసు తగిలించండి. మళ్ళీ అక్కడికి వచ్చినప్పుడు దొరికిపోతుంది."

చెల్లి బుద్ధిగా పిన్నీసు తీసుకుంది. జెట్టు డబ్బా వెనక్కి తోసేశాడు.

"నాకు కళ్ళున్నాయత్తా. పిన్నీసులు నత్తలకి."

నత్త అంటే చెల్లి. అన్నం మెతుకు మెతుకూ తింటుంది, జడ పాయ పాయా దువ్వుకుంటుంది, అందుకని వాడే పెట్టాడు ఆ పేరు. జెట్టు విమానంలా దూసుకుపోతాడని వాడికి జెట్టు అనే పేరు మాత్రం వీధివీధంతా కలిసి పెట్టింది. మెట్లు నడిచి దిగడం వాడు ఎన్నడూ ఎరగడు. హోంవర్కు వాడు రాస్తే, అందులో ఏముందో వాడికే తెలియదు.

ఆదివారం మధ్యాహ్నం అమ్మ యూనిఫారం తెచ్చుకోవడానికి డిపోకి వెళ్ళింది. చెల్లి అత్తకి భోజనం ఇచ్చి రావడానికి కిందకి దిగింది. ఇంట్లో జెట్టు ఒక్కడే.

ఆఖరి వరస. ఆఖరి కుట్టు. ముడి!

"గెలిచా!" అని గదిలో గుండ్రంగా రెండు చుట్లు పరిగెత్తాడు.

చెల్లి పసుపు ముక్క స్టూలు మీద ఉంది. దానికింకా పైన కొంచెం మిగిలింది. సూది అందులోనే గుచ్చి ఉంది. రెండూ కలిపితే ఎలా ఉంటుందో చూద్దామని జెట్టు దాన్ని తెచ్చి తన ముక్క మీద పరిచాడు.

అడుగున రెండూ చక్కగా సరిపోయాయి. పైకి వచ్చేసరికి పసుపు ముక్క నీలం ముక్కని దాటి అటొక బెత్తెడు, ఇటొక బెత్తెడు బయటికి పొడుచుకొచ్చింది.

"నత్తా! ఏం చేశావే!"

సాయంత్రం రెండూ కలిపి కుట్టాలి. తెల్లారితే అమ్మ డ్యూటీ. చెల్లి వచ్చి, చూసి, ఆలోచించి, విప్పి, మళ్ళీ అల్లి... అయినట్టే! అది వచ్చేలోపు తనే విప్పి పెడితే? ఎక్కడి నుంచి వెడల్పయిందో అక్కడిదాకా విప్పితే చాలు. మిగతాది తనే చకచకా అల్లేస్తాడు. సాయమే కదా!

సూది తీసి పక్కన పెట్టాడు. దారం కొస పట్టుకుని లాగాడు.

సర్ర్‌ర్!

ఒక వరస ఊడింది. అబ్బ, ఎంత తేలికో! చెల్లి చాలాసేపు కూర్చుని అల్లిన వరస చిటికెలో మాయం. సర్ర్‌ర్! ఇంకొకటి. సర్ర్‌ర్! ఇంకొకటి. ఆగి, కొలిచాడు. ఇంకా అంతే వెడల్పు. తప్పు ఇంకొంచెం కింద మొదలై ఉంటుంది. లాగాడు. కొలిచాడు. అంతే వెడల్పు. ఇంకా కిందేమో. లాగాడు.

ఠింగ్‌మని పిన్నీసు నేల మీద పడింది.

జెట్టు చెయ్యి ఆగింది. పసుపు ముక్క ఇప్పుడు చేతి రుమాలంత కూడా లేదు. అప్పుడూ అదే వెడల్పు. మొదటి వరస నుంచి ఆఖరి వరస దాకా, స్కేలు పెట్టి గీసినట్టు, ఒకటే వెడల్పు.



మెల్లిగా తన నీలం ముక్కని నేల మీద విడిగా పరిచాడు. రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. అడుగున వెడల్పు. పైకి పోయేకొద్దీ సన్నం. అచ్చం బోర్లించిన పూలకుండీ! వంగి అంచు పట్టి చూశాడు. ఒక వరస చివర ఒక కుట్టు లేదు. దాని మీద వరసలో ఇంకొకటి లేదు. ప్రతి వరసలోనూ దొంగ తప్పించుకుంటూనే ఉన్నాడు. జెట్టు జోరుగా పోతూనే ఉన్నాడు.

తప్పు తనది. విప్పేసింది చెల్లిది.

మెట్ల మీద చిన్న అడుగుల చప్పుడు.

వాడి బుర్ర జెట్టు విమానంకన్నా వేగంగా తిరిగింది. పిల్లి లాగేసిందని చెబితే? ఇంట్లో పిల్లి లేదు. కిటికీలోంచి గాలి? ఏ గాలీ దారం విప్పదు. సూది జారిపోయిందని చెబితే? ఆ! సూది జారితే దారం ఊడుతుంది, అత్తే చెప్పింది. చెల్లి నమ్ముతుంది.

చెల్లి లోపలికొచ్చింది. నేల మీద పసుపు దారం కుప్ప చూసింది. పక్కనే పడున్న సూదిని చూసింది. దాని మొహం చిన్నబోయింది.

"సూది జారిపోయిందా అన్నయ్యా?" అంది. "నేను సరిగ్గా గుచ్చలేదా?"

అబద్ధం జెట్టు నాలుక చివర సిద్ధంగా ఉంది. వాడు నోరు తెరవక్కర్లేదు కూడా. ఊరికే తల ఊపితే చాలు.

"కాదు," అన్నాడు. "నేనే విప్పాను. నీది తప్పనుకున్నా. నీది కరెక్టే. నాదే తప్పు."

చెల్లి అరవలేదు. అరిస్తే బాగుండునని అనిపించింది జెట్టుకి. అది వంగి పిన్నీసు తీసుకుని గౌను జేబులో వేసుకుంది.

"నన్నడగొచ్చుగా," అంది. "నేను కిందే ఉన్నాగా."

మిగిలిన పసుపు ముక్కని గుండెకి హత్తుకుని మెట్లు దిగిపోయింది. జెట్టు తన పూలకుండీని పట్టుకుని వెనకే దిగాడు. మొదటిసారి మెట్లు ఒక్కొక్కటిగా దిగాడు.

సైకిల్ షాపులో అత్త ఒక సైకిల్ని తలకిందులుగా నిలబెట్టి వెనక చక్రం టైరు ఊడదీస్తోంది. చెల్లి ముక్కు ఎగబీలుస్తూ చెబుతుంటే విన్నది. జెట్టు పక్కన తల వంచుకుని నిలబడ్డాడు.

"అయిందా చెప్పడం?" అంది అత్త. "అల్లుడూ, కోడలు చెప్పిందంతా నిజమేనా?"

"నిజమే అత్తా."

"సరే. కోపాలూ తాపాలూ తర్వాత. ముందు పని సంగతి చూద్దాం." అత్త చేతులు కడుక్కుంటూ లెక్క వేసింది. "ఇలా రెండు ముక్కలు అల్లడానికి ఇప్పుడు టైము చాలదు. లావు సూదితో అల్లాలి. నీలం, పసుపు రెండు దారాలూ కలిపి పట్టుకోవాలి. అప్పుడు ఒక్కో వరసా రెండింతలు పెరుగుతుంది. ఒకటే పొడుగాటి ముక్క. మధ్యకి మడిచి పక్కలు కుట్టేస్తే సంచి. దారం సరిపోవాలి కానీ."

ఆ చివరి మాటకి ముగ్గురి చూపులూ ఒకేచోటకి వెళ్ళాయి. జెట్టు చేతిలో ఉన్న నీలం ముక్క మీదకి. వారం రోజులు స్కూలు నుంచి రాగానే, ఆట మానేసి అల్లిన ముక్క. వంకరదే. కానీ పూర్తయింది.

జెట్టు ముడి విప్పాడు. దారం కొస తీసి చెల్లి చేతిలో పెట్టాడు.

"నువ్వే లాగు."

"మొత్తమా?"

"మొత్తం."

చెల్లి అనుమానంగా చూసింది. చిన్నగా లాగింది. సర్ర్. ఇంకొంచెం లాగింది. సర్ర్‌ర్‌ర్!

"ఆగాగు, అలా కాదు," అంది అత్త. కళ్ళు మెరుస్తున్నాయి. "దారం చిక్కుపడుతుంది. ఇటు తే."

టైరు తీసేసిన చక్రానికి కొసని ముడి వేసింది. "కోడలుపిల్లా, పెడలు తిప్పు!"

చెల్లి పెడలు తిప్పింది. చక్రం గిర్రున తిరిగింది. జెట్టు పట్టుకున్న ముక్క నుంచి దారం ఉరుకులు పరుగుల మీద వెళ్ళి చక్రానికి చుట్టుకుంది. వరసలు అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు ఊడిపోతుంటే జెట్టు చేతులు కూడా అటూ ఇటూ ఊగాయి.

"మెల్లిగా! మెల్లిగా! నన్ను కూడా చుట్టేస్తావే!"

"రా! నిన్నూ చుట్టేస్తా!" అంది చెల్లి. అది నవ్వుతోంది. కడుపు పట్టుకుని, పెడలు మాత్రం వదలకుండా నవ్వుతోంది.

గాలి కొట్టించుకోవడానికి వచ్చిన ఒకాయన సైకిలు పట్టుకుని నోరు తెరుచుకుని చూశాడు. "ఏంటమ్మా ఇది? కొత్త రకం గేరా?"

"అవునండి," అంది అత్త. "జెట్టుని నెమ్మదించే గేరు."

తర్వాత పని మొదలైంది. ఒక వరస జెట్టు. ఒక వరస చెల్లి. వరస పూర్తయ్యాక ఆఖరి కుట్టుకి పిన్నీసు తగిలించి రెండోవాళ్ళకి ఇవ్వాలి. జెట్టు వంతప్పుడు చెల్లి ఉండలు విప్పుతూ దారం అందించింది. చెల్లి వంతప్పుడు జెట్టు దారం అందించాడు. చెల్లికి ఎక్కువ టైము పట్టింది. ఎంతసేపని అడగాలని వాడికి చాలాసార్లు అనిపించింది. ప్రతిసారీ పెదాలు బిగించి కూర్చున్నాడు.

వాడి వరసలు బిగువుగా, దాని వరసలు వదులుగా వచ్చాయి. ఒకటి సన్నం, ఒకటి లావు. నీలం, పసుపు కలిసిపోయి చారలు చారలుగా, చూడటానికి భలేగా ఉంది.

ముక్క దాదాపు పూర్తి కావస్తుండగా జెట్టు కళ్ళకి ఒకటి కనిపించింది. అంచు ఒకచోట లోపలికి నొక్కుకుపోయి ఉంది. ఒక కుట్టు తప్పింది!

వాడి చెయ్యి దారం మీదకి వెళ్ళింది. దారాన్ని పట్టుకుంది కూడా.

వదిలేసింది.

"చెల్లీ," అన్నాడు. "ఇక్కడ అంచు కొంచెం తేడాగా ఉన్నట్టుంది. ఒకసారి చూస్తావా?"

చెల్లి వంగి చూసింది. వేలితో తడిమింది. అక్కడ వరస ఎంత బిగువుగా ఉందో లాగి చూసింది. తల ఎత్తింది.

"అన్నయ్యా, ఇది నీ వరస."

"నాదా?"

"ఇంత గట్టిగా నేనల్లుతానా? గొంతు పిసికేసినట్టుంది."

అత్త నవ్విన నవ్వుకి చేతిలోని స్పానర్ కింద పడింది. జెట్టు ముందు ఎర్రబడ్డాడు. తర్వాత తనూ నవ్వేశాడు.

"దీని మీద నా వరస ఒకటుంది," అంది చెల్లి. "ముందు అది నేను విప్పుకుంటా. తర్వాత నీది నువ్వు విప్పుకో."

అలాగే విప్పుకున్నారు. అలాగే మళ్ళీ అల్లుకున్నారు.

రాత్రి భోజనాలకి పిలుపు వచ్చేసరికి సంచి పక్కలు కుట్టడం అయింది. భుజానికి వేసుకునే రెండు పట్టీలు అయ్యాయి. జెట్టు తన పట్టీ కుట్టేశాడు. చెల్లి పట్టీ మిగిలింది. పొద్దున లేచి కుడతానంది.

సోమవారం. ఇంకా పూర్తిగా వెలుగు రాలేదు. అమ్మ అప్పటికే తయారైపోయింది. డ్యూటీకి బోలెడు టైముంది. అయినా అమ్మకి కాలు నిలవడం లేదు. గది నుంచి వంటింట్లోకి, వంటింట్లోంచి గదిలోకి తిరుగుతోంది. టోపీ పెట్టుకుంది. తీసింది. మళ్ళీ పెట్టుకుంది. లంచ్ బాక్సు కవర్లో వేసుకుంది.

"పిల్లలూ, నేను బయల్దేరుతున్నా!"

పడకగదిలో తలుపు వెనక చెల్లి కుడుతోంది. సూది దించుతోంది. తీస్తోంది. దారం సర్దుతోంది. మళ్ళీ దించుతోంది.

"అయిందా?" జెట్టు ఒంటికాలి మీద గెంతుతున్నాడు.

"ఇంకొంచెమే. గట్టిగా కుట్టకపోతే లంచ్ బాక్సు మళ్ళీ మెట్ల మీద పడుతుంది."

హాల్లో కుర్చీ జరిగిన చప్పుడు. అమ్మ షూ వేసుకోవడానికి కూర్చుంటోంది. అయిపోయింది! ఇంకో క్షణంలో వెళ్ళిపోతుంది!

సంచి చెల్లి చేతిలోంచి లాక్కుని టకటకా నాలుగు కుట్లు వేసేస్తే? జెట్టు చేతులు ముందుకు చాచాడు. చెల్లి తలెత్తి వాడి చేతుల వంక చూసింది. సంచిని దగ్గరికి లాక్కుంది.

జెట్టు రెండు చేతులూ వెనక్కి తీసుకున్నాడు. గిర్రున తిరిగి హాల్లోకి పరిగెత్తాడు.

"అమ్మా! నీ టోపీ వంకరగా ఉంది!"

"అవునా?" అమ్మ అద్దం దగ్గరికి లేచింది.

ఆ కాస్త సమయం చాలు. వాడు వెనక్కి వచ్చేసరికి చొక్కా కింద ఏదో ఉబ్బెత్తుగా ఉంది. చెల్లి పక్కన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"నువ్వు నెమ్మదిగా కుట్టుకో," అన్నాడు. "అమ్మ ఎక్కడికీ పోదు."

"ఎందుకు పోదు?"

జెట్టు చొక్కా ఎత్తి చూపించాడు. చెల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

హాల్లోంచి అమ్మ గొంతు వినిపించింది. "ఒరేయ్! నా షూ ఒకటే ఉందేంటి? రెండోది ఏది? ఇప్పుడే ఇక్కడ పెట్టాను!" ఆవిడ ఒక షూతో కుంటుకుంటూ సోఫా కింద, కుర్చీ కింద, బీరువా వెనక వెతుకుతోంది. నిద్రకళ్ళతో వచ్చిన నాన్న ఫ్రిజ్జులో కూడా చూశాడు.

చెల్లి మరో కుట్టు వేసింది. ఇంకొకటి వేసింది. పట్టీ పట్టుకుని గట్టిగా గుంజి చూసింది. కదల్లేదు. ముడి వేసి దారం కొరికింది.

"అయింది," అంది.

జెట్టు చొక్కా కిందది తీసి సంచిలో జారవిడిచాడు. సంచిని చెల్లి రెండు చేతుల్లో పెట్టి ముందుకి నెట్టాడు.

"నువ్వే ఇవ్వు."

అమ్మ నేల మీద మోకాళ్ళ మీద వంగి ఉంది. తల ఎత్తేసరికి ఎదురుగా నీలం, పసుపు చారల సంచి. ఒక వరస బిగువు, ఒక వరస వదులు. దాని వెనక చెల్లి. చెల్లి వెనక జెట్టు.

అమ్మ లేచి నిలబడింది. సంచిని తీసుకుంది. అటు తిప్పి, ఇటు తిప్పి, చారలన్నీ వేళ్ళతో తడిమింది. పాత కవరుని పక్కకి నెట్టేసి సంచిని భుజానికి తగిలించుకుంది. అద్దం వైపు తిరిగింది. అద్దంలో టోపీ పెట్టుకున్న డ్రైవరు కళ్ళు తుడుచుకుంటోంది.

అప్పుడు ఆవిడకి బరువు తెలిసింది. చెయ్యి లోపల పెట్టింది. పైకి తీసింది.

"సంచిలో నా షూ ఏంటర్రా?"

"పట్టీ ఆగుతుందో లేదో చూశామమ్మా," అంది చెల్లి. "ఆగింది."